నా చోటులోకి వచ్చిన అత్త

పోయిన నెల సెలవులకు నేను ఆళ్లగడ్డలో మా ఇంటికి వచ్చినప్పుడు, మేము అన్నం తింటూ ఉండగా నంద్యాల బస్సు కండక్టరు గడపలో నిలబడి, "టీచరమ్మ పోయిందంటప్పా" అని మా నాయనకు చెప్పాడు. టైఫాయిడ్ జ్వరం. ఆమెకు ముప్పై రెండేళ్లు. మా మేనమామ భార్య. ఏడేళ్లుగా నేను అసూయపడిన మనిషి. అది దాచిపెట్టి ఆమె గురించి మంచి మాటలు రాస్తే ఆమెకే నచ్చదు.

1953లో నాకు పదిహేనేళ్లు. అమ్మ తమ్ముడే నా మొగుడని ఇంట్లో ఎప్పుడో అనుకున్నారు. కానీ మా పెద్దమ్మ కూడా తన మేనమామనే చేసుకుంది. ఆమె ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి చెవులు వినపడవు, మాటలు రాలేదు. మామ మద్రాసులో చదువుకొని వచ్చి ఆ పిల్లలను చూపించి, "మన ఇంట్లో ఇట్లాంటి పెండ్లిండ్లు ఇంక వద్దు" అన్నాడు. ఏ చుట్టరికమూ లేని డోన్ పిల్లను చేసుకున్నాడు. ఆమె నంద్యాలలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. నా చదువు కోసం నన్ను వాళ్లింట్లోనే దించారు.

తరగతిలో ఆమె రెండు రంగుల ఉన్నిదారాలు బల్లమీద పరిచేది. "కణంలో క్రోమోజోములు ఈ దారాల మాదిరి జతలుగా ఉంటాయి. ఒకటి అమ్మది, ఒకటి నాయనది. బిడ్డకు జతలో ఒకటే పోతాది. కొన్ని లోపాలు ఒకదాంట్లో ఉన్నా రెండోది కాపాడతాది. దగ్గర చుట్టాలిద్దరిలో అదే లోపం దాక్కొని ఉంటే, ఆ రెండూ ఒకే బిడ్డకు చేరొచ్చు. అప్పుడు కాపాడేది ఉండదు" అనేది. పిల్లలందరూ దారాలను చూసేవాళ్లు. నేను ఆమె చీరను చూసేదాన్ని. అది మామ తెచ్చిన చీర.

ఒకరోజు ఆమె ఏదో పత్రిక పట్టుకొని వచ్చి, "మనిషి కణంలో నలభై ఎనిమిది క్రోమోజోములని చెప్పినా కదా, తప్పంట. నలభై ఆరే. కొట్టేసి దిద్దుకోండి" అంది. నాకు పండగ అయింది. ఇంటికి పోగానే మామతో, "అత్త మాకు తప్పు చెప్పింది" అన్నాను. "నాకూ చెప్పిందిలే" అని నవ్వుతూ ఆయన వంటింటి వైపు చూసిన చూపుకు నా కడుపు మళ్లీ మండింది.

వాళ్లకు కూతురు పుట్టింది. పాపకు అయిదో నెలలో, అత్త బావి దగ్గర ఉన్నప్పుడు, ఉయ్యాల వెనక ఇత్తడి పళ్లెం ఎత్తి కింద పడేశాను. పాపకు వినపడకూడదనే, ఇటు తిరగకూడదనే కోరుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. పాప ఉలిక్కిపడి, తల తిప్పి ఏడ్చింది. గుమ్మంలో అత్త తడిచేతులతో నిలబడి ఉంది.

"దినామూ నేనూ చప్పట్లు కొట్టి చూస్తాండాలే అమ్మీ. నాకూ భయమే" అంది. నేనూ ఆ భయంతోనే పడేశానని అనుకుందో, అంతా తెలిసే అలా అందో, నేనెప్పుడూ అడగలేకపోయాను. అసూయ పోలేదు కానీ, ఆ మర్నాటి నుంచి ఆమె పాఠం వినడం మొదలుపెట్టాను. తర్వాత ఆ బడిలోనే చిన్న తరగతులకు టీచరునయ్యాను.

పదకొండో రోజు కర్మ ముగిశాక అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "బిడ్డకు తల్లి లేకపాయె. ఇప్పుడైనా మామను చేసుకో."

పదిహేనేళ్లప్పుడు ఈ మాట కోసమే కాచుకొని ఉన్నాను.

"పాపను నేను సాకుతాలే అమ్మా. మామను మాత్రం చేసుకోను."

"పోయినాక కూడా ఆమె మాటే నెగ్గల్లా, ఏందీ?"

"నెగ్గనీ."

ఇప్పుడు అత్త తరగతులు కూడా నాకే ఇచ్చారు. నిన్న బోర్డు మీద కణవిభజన గీస్తూ ఉంటే ఒక పిల్ల లేచి, "ఆ టీచరమ్మ ఇట్లా గీయదు" అంది. ఒళ్లు మండింది. కాసేపటికి సుద్దముక్క ఆ పిల్లకే ఇచ్చి, వెళ్లి బెంచీ మీద ఆ పిల్ల చోట్లో కూర్చున్నాను. కాలివేళ్ల మీద నిలబడి, నాలుక బయటపెట్టి, ఆ పిల్ల ఒక్కొక్క జతనే విడదీస్తూ కణానికి చెరో కొనకూ దారాలు గీసుకుంటూ పోయింది.