ఆవిడ పేరున నా జబ్బు

మా సైన్సు టీచరుగారు పోయారన్న కబురు జగ్గయ్యపేట బస్సు కండక్టరు తెచ్చాడు. నందిగామలో మా ఇల్లు బస్సులు ఆగే చోటికి దగ్గర. గేటు దగ్గరే నిలబడి, "మీ టీచరమ్మగారు తెల్లారుజామున పోయారంటండి. ముందు మీకే చెప్పమన్నారు. సేవ చేసింది మీరేగా," అన్నాడు. చీర కూడా మార్చుకోకుండా ఎదురు బస్సెక్కాను. దారి పొడుగునా ఆ చివరి మాటే చెవిలో గింగురుమంది.

అక్కడా అందరిదీ అదే మాట. శవపెట్టె పక్కన కూర్చున్న నా భుజం మీద చెయ్యి వేసి, నెలనెలా ఆవిణ్ణి నందిగామ తీసుకెళ్ళి చూపించానని, కన్నకూతురు కూడా అంత చెయ్యదని అన్నారు. పాస్టరుగారు ప్రార్థనలో నా పేరెత్తి దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. నేను తల దించుకున్నాను. దుఃఖమనుకున్నారు. దుఃఖం సగమే. మిగతా సగం ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ బక్కపలచని మనిషి. పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, బల్ల పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అందుకునేవారు. ఆ ఆగడం మాకు వేళాకోళంగా ఉండేది. గుండె పాఠం వచ్చిన రోజున మమ్మల్నందరినీ బడి ఆవరణలో బోరింగు దగ్గరికి తీసుకెళ్ళారు. అప్పుడే దాన్ని విప్పి బాగుచేస్తున్నారు. లోపలి తోలుబిళ్ళ చేతిలోకి తీసుకుని, నీళ్ళు పైకి రానిచ్చి వెనక్కి పోనివ్వనిది ఇదేనని చూపించారు. "పుస్తకంలో కవాటం అని ఉంటుంది. మనింటి మాటలో తలుపు. గుండెలో గదులు నాలుగు, తలుపులూ నాలుగే. నెత్తురు ఒక చుట్టు ఊపిరితిత్తులకి వెళ్ళొస్తుంది, ఒక చుట్టు ఒళ్ళంతా తిరిగొస్తుంది. వెళ్ళింది వెనక్కి రాకుండా కాసేవి ఆ తలుపులే," అన్నారు.

తరవాత సంచిలోంచి కిరసనాయిలు గరాటు, దానికి తొడిగిన రబ్బరు గొట్టం తీశారు. బాగా తోమినా కాస్త వాసన వేసేది. అది ఒకళ్ళ ఎడం రొమ్ము మీద పెట్టుకుంటే, ఇంకొకళ్ళు గొట్టం చెవిలో పెట్టుకుని వినాలి. తలుపులు మూసుకునే చప్పుళ్ళు రెండు వినిపిస్తాయి. మగపిల్లలు ఒకళ్ళది ఒకళ్ళు విని కేరింతలు కొట్టారు. ఆడపిల్లలం సిగ్గుపడుతుంటే గరాటు తన గుండె మీదే పెట్టుకుని, "రండే, నాది వినండి. వినడానికి ధైర్యం అక్కర్లేదు, గరాటు చాలు," అన్నారు.

ఆవిడ గుండెలో రెండు చప్పుళ్ళే కాదు, మధ్యలో ఇంకేదో ఉంది. పొయ్యి పక్కన పడుకున్న పిల్లి గురకలాగా. మాకు భలే సరదా వేసి, నాకంటే నాకని మళ్ళీ మళ్ళీ విన్నాం. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చిందనీ, తరవాత కీళ్ళు వాచాయనీ, అది పోతూ పోతూ గుండెలో ఒక తలుపుని బిగదీసి పోయిందనీ ఆవిడ మామూలుగా చెప్పారు. సరిగ్గా తెరుచుకోని తలుపు సందులోంచి నెత్తురు తోసుకువెళ్ళే చప్పుడట అది. ఒక మనిషి జబ్బుని వంతులేసుకుని విన్నామని అప్పుడు తోచలేదు.

నా వంతు వచ్చినప్పుడు గరాటు నా గుండె మీద పెట్టి, గొట్టం ఆవిడే చెవిలో పెట్టుకున్నారు. చాలాసేపు విన్నారు. ఆ ఏడు నాకు మోకాళ్ళు వాచి, ఆయాసం వచ్చి కొన్నాళ్ళు బడి మానిన సంగతి ఆవిడకి తెలుసు. ఆ రోజే సాయంత్రం మా ఇంటికొచ్చారు.

మాది వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆవిడవాళ్ళు క్రిస్టియన్లు. అమ్మ ఆవిణ్ణి వసారాలోనే కూర్చోబెట్టి, విడిగా ఉంచిన గ్లాసులో కాఫీ ఇచ్చింది. నా గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదనీ, ఇప్పుడే నెలనెలా పెన్సిలిన్ సూది వేయిస్తే ఇంక ముదరదనీ ఆవిడ చెప్పారు. అమ్మకి వినిపించింది గుండెజబ్బన్న మాటొక్కటే. జగ్గయ్యపేటలోనే వేయిస్తే ఊరందరికీ తెలుస్తుందని, ఆడపిల్ల మీద ఆ పేరు పడితే ఇంక చెరగదని ఏడ్చింది. నాన్న మిరప కల్లంలోంచి రానే లేదు.

టీచరుగారు కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి అరుగు మీద బోర్లించారు. "నందిగామ తీసుకెళ్తానండి. జబ్బు నాదని చెప్పుకోండి. నాకెలాగూ ఉందిగా. అమ్మాయి సంచి మొయ్యడానికి వస్తోందనండి," అన్నారు.

అలా మొదలైంది. నెలకోసారి, సెలవు రోజున, మిరప బస్తాల ఘాటుకి తుమ్ముతూ ఆ బస్సులో వెళ్ళేవాళ్ళం. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగితే ఎవరో ఒకరు, ఒంట్లో ఎలా ఉందని ఆవిణ్ణి అడిగేవారు. నన్ను చూసి బుద్ధిమంతురాలనేవారు. నందిగామలో దిగి డాక్టరుగారి దగ్గరికి నడిచే దారిలో ఆవిడ అక్కడక్కడా అరుగుల మీద కూలబడేవారు. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ప్రయాణాలు తగ్గించమని డాక్టరుగారు చెప్పింది ఆవిడకి. సూది పొడిచింది నాకు. బిగుసుకుపోయిన తలుపుని ఏ సూదీ తెరవలేదని ఆవిడకి ముందే తెలుసు.

ఏడాది తిరిగేసరికి నాకు ఆయాసం పోయింది. అది నాకు తప్పు చేసినట్టు ఉండేది. ఆవిడ అద్దెకుండే మేడగదికి వెళ్ళేటప్పుడు మెట్ల మధ్య ఆవిడ ఆగితే నేనూ ఆగి, నోరు తెరిచి రొప్పేదాన్ని. కొన్నాళ్ళు చూసి, ఒకరోజు నవ్వుతూనే గట్టిగా అన్నారు: "నా ముందు ఆయాసం నటించకే. నీకది లేకపోవడం కోసమే కదా నేను బస్సెక్కుతోంది."

పెళ్ళై నేను నందిగామ వచ్చాక ఒక్కసారి మా ఇంటికొచ్చారు, సంచిలో గరాటుతో. నన్ను పెరటి గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి విన్నారు. రెండు చప్పుళ్ళే ఉన్నాయన్నారు. "ఇంక నీకు నాతో పనిలేదమ్మా," అన్నారు. నేను ఆ మాట పట్టుకుని నిజంగానే పని లేనట్టు ఉండిపోయాను. ఇద్దరు పిల్లల్ని కన్నాను, బిందెలతో నీళ్ళు మోశాను, గంట దూరంలో ఉన్న ఆవిణ్ణి ఏ పండక్కో పబ్బానికో తప్ప చూడలేదు. చూస్తే, ఆవిడ ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటుంటే, నా ఊపిరి నాకు సిగ్గుగా ఉండేది. మా వారికి ఈ సంగతులేవీ తెలియవు. అచ్చయ్యాక ఇక్కడే చదువుతారు.

మట్టి ఇచ్చి వచ్చాక ఇంటిగలావిడ మేడగది తాళం నా చేతికిచ్చి, సామాను నన్నే సర్దమంది. మెట్ల మధ్య టీచరుగారు ఎప్పుడూ ఆగేచోట గోడ మీద సున్నం చేతి మేర నల్లబడి ఉంది. అలవాటుగా నేనూ అక్కడ ఆగాను. వెనక వస్తున్న ఆడవాళ్ళు కూడా ఆగారు. నేను చేసిన సేవ గురించి మళ్ళీ ఎవరో ఎత్తారు. ఇంక ఉండలేకపోయాను.

"సూదులు ఆవిడకి కాదండి, నాకు. జబ్బు నాది. ఆవిడే నన్ను తీసుకెళ్ళేవారు," అన్నాను.

ఇంటిగలావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని వెనకవాళ్ళ వైపు తిరిగింది.

"విన్నారా? ఆవిడ జబ్బు కూడా తన మీదే వేసుకుంటోంది పిచ్చితల్లి," అంది.

నేను నల్లబడిన ఆ సున్నం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. నాకు ఆయాసం తీరేదాకా అందరూ ఓపిగ్గా కింది మెట్ల మీద ఆగారు. నాకు ఆయాసం లేదు.