సరేనమ్మ చెవినరం సాక్ష్యం

వీధి మొగలో ఒంటిగది కుట్టుకొట్టు నడిపే ఆవిడను అందరూ సరేనమ్మ అంటారు. పదకొండేళ్ల క్రితం ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆమె రెండు చెవుల వినికిడినీ వెంట తీసుకుపోయింది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప మరొకరికి తెలియకూడదని ఆమె పంతం. అందుకే ఎదుటి మనిషి పెదవులూ కనుబొమలూ కనిపెట్టి, ఏం చెప్పినా "ఆఁ, సరే" అనేసేది. ఒక పెద్దమనిషి రెండు వేళ్లు ఆడిస్తూ చొక్కాకు కాలరు వద్దన్నాడు. సరే అంది, రెండు కాలర్లు కుట్టి ఇచ్చింది. ఆయన మారుమాట లేకుండా పట్టుకెళ్లాడంటే, ఆ సరే అన్న తీరులో అంత భరోసా ఉండేదన్నమాట. ఇన్నేళ్లలో "నాకు వినబడలేదు" అన్న మాట ఆమె నోట ఒక్కసారీ వెలువడలేదు.

చెవి లోపల యంత్రం అమర్చే ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టరుగారు. అయితే దానికొక షరతు ఉంది: ముందు చెవినరం బతికి ఉందని తేలాలి. యంత్రం చప్పుడును కరెంటుగా మార్చి నరానికి అందిస్తుంది. అందుకునే నరమే చచ్చి ఉంటే ఆ యంత్రం ఎవరితో చెప్పుకుంటుంది? కాబట్టి సన్నని సూదితో చెవి లోపలి ఎముకకు కొద్దిపాటి కరెంటు తాకించి, వినబడుతోందా అని అడుగుతారు. ఆ పరీక్షకు సరేనమ్మ రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ రికార్డులో "హాజరు కాలేదు" అని పడింది. ఎందుకంటే చెవుల విభాగం వరండాలో బంట్రోతు పేర్లను కేకవేసి పిలుస్తాడు. మూడు కేకలకు లేవనివారు రానివారితో సమానం. వినబడనివారి హాజరును వినికిడితో నిర్ణయించే ఈ నియమాన్ని ఎవరు రాశారో గాని, వారి లోపం మాత్రం చెవుల్లో లేదు.

మూడోసారి వదిన తోడు వచ్చింది. వదినకు రెండు ఆయుధాలు: గొంతు, కుట్టుసుద్ద. నల్లటి లైనింగ్ గుడ్డ మీద సుద్దతో రాసి, ఆడపడుచుకు లోకాన్ని చేరవేస్తుంది.

"ఏమయ్యా, చెవులు వినబడనోళ్లని కేకేసి పిలుస్తావా? కాలు విరిగినోళ్లని మేడెక్కి చీటీ తెచ్చుకోమంటారా ఇక్కడ?"

"రూలమ్మా అది," అన్నాడు బంట్రోతు.

"ఏదీ, ఆ రూలు కాస్త చూపించు. చదువుకుంటాను."

అతను సొరుగులో వెతుకుతున్నట్టు కాసేపు నటించి, తలుపు తెరిచాడు.

పరీక్ష చేసే అమ్మాయి వయసులో చిన్నదే గాని పట్టింపులో పెద్దది. చెవి మొద్దుబారడానికి మందుచుక్కలు వేసి, కర్ణభేరి గుండా సూది దింపి, వైరు తగిలించి, మీట దగ్గర కూర్చుంది. వినబడితే ఆఁ అనమని నోటితోనే చెప్పింది. సరేనమ్మ సరే అంది.

కరెంటు ఇంకా అతి తక్కువలోనే ఉంది. అమ్మాయి మీట నొక్కింది. "ఆఁ." మళ్లీ నొక్కింది. "ఆఁ." మీట నొక్కేముందు అమ్మాయి ఎడమ కనుబొమ రవ్వంత లేస్తుంది, అది లేచినప్పుడల్లా సరేనమ్మ ఠంచనుగా ఆఁ అంది. నిజానికి చెవిలో ఈగ కూడా వాలలేదు. అమ్మాయికి అనుమానం వచ్చి, కరెంటు ఆపేసి ఉత్తి మీట నొక్కింది.

"ఆఁ."

ఇంకోసారి.

"ఆఁ, బాగా!"

అమ్మాయి వదిన వైపు తిరిగింది. "అసలు కరెంటే ఇవ్వలేదండీ. ఇలాంటి ఆఁ ఇంకొక్కటి పడితే, జవాబులు నమ్మదగవని రాసి ఫైలు మూసేయాలి. ఇక ఆపరేషన్ ఉండదు."

"ఆగు తల్లీ. ఏం చెయ్యాలో నోటితో చెప్పావు. అది దానికి వినబడలేదు. తెలియని ప్రశ్నకి జవాబు చెప్తే అబద్ధం ఎలా అవుతుంది? మళ్లీ మొదలుపెట్టు."

పట్టింపు గలవారిలో ఒక సుగుణం ఉంటుంది: అరుదుగానైనా, ఆ పట్టింపును తమ తప్పుకూ వర్తింపజేస్తారు. అమ్మాయి పాత కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, కొత్తది తీసింది.

వదిన గుడ్డ మీద రాసింది: "ఆ అమ్మాయి మొహం చూసి ఆఁ అంటున్నావు. ఇది కాలరు కాదు. లేనిది ఉందంటే ఆపరేషన్ పోతుంది. కళ్లు మూసుకో, నోరు కూడా. వినబడితేనే కాలితో నేల తొక్కు, కుట్టుమిషన్ తొక్కినట్టు."

కళ్లు మూస్తే సరేనమ్మకు లోకమే లేదు. "ఏమీ వినబడకపోతేనో?"

"తొక్కకు," అని వదిన పెదవులు పలికాయి.

కళ్లు మూసుకుంది. ఏమీ లేదు. ఒక్క ఆఁ అనేస్తే అందరూ సంతోషిస్తారు కదా అని పాత అలవాటు గొంతు దాకా వచ్చింది. మింగేసింది. కాసేపటికి చెంపలో చిమచిమలాడింది. మిషన్ మీద చెయ్యి వేస్తే వేళ్లకు తెలిసే అదురు లాంటిదే అది. ఇన్నాళ్లూ ఆ అదురునే ఆమె చప్పుడుగా చెలామణి చేసుకుంటూ వచ్చింది. ఇవాళ చెయ్యలేదు.

"ఇది తగిలింది. చప్పుడు కాదు," అంది.

అమ్మాయి కనుబొమలు రెండూ లేచాయి. వాటిని కనిపెట్టే కళ్లు మూసుకునే ఉన్నాయి. సూదిని వెంట్రుకవాసి జరిపి, కరెంటు ఇంకాస్త పెంచింది.

అప్పుడొచ్చింది. సన్నగా, గుయ్యిమంటూ, ఎక్కడో దూరం నుంచి. అదురు కాదు, ఆమె పూర్తిగా మరిచిపోయిన చప్పుడు జాతి అది. కాలు దానంతటదే నేలను తొక్కింది. చప్పుడు ఆగింది; కాలు ఆగింది. అమ్మాయి మూడుసార్లు ఉత్తి మీట నొక్కింది. కాలు కదల్లేదు. కరెంటు ఇచ్చింది. తొక్కింది. చూస్తున్న వదిన చేతిలో సుద్ద రెండు ముక్కలైంది.

"నరం పలుకుతోంది," అని అమ్మాయి ఈసారి కాగితం మీద రాసి చూపించింది. సరేనమ్మ దాన్ని రెండుసార్లు చదివి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆపరేషన్‌కు అంగీకార పత్రం నాలుగు పేజీలు. బంట్రోతు తిన్నగా చివరి పేజీ తిప్పి, సంతకం చోట వేలు పెట్టాడు. సరేనమ్మ ఆ వేలిని పక్కకు జరిపి, మొదటి పేజీ నుంచి చదవసాగింది.

వదిన ఎదురుగా వచ్చి నిలబడింది. "పదకొండేళ్లు అన్నిటికీ సరే అన్నావు, చదవడానికి ఇవాళే దొరికిందా? ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి, సంతకం పెట్టవే పిల్లా!"

వదిన పెదవుల మీద ఒక్కొక్క మాటా సరేనమ్మకు అచ్చువేసినట్టు కనబడింది.

"నాకు వినబడలేదు వదినా," అని రెండో పేజీ తిప్పింది.