బొట్టు పెట్టిన కాలు

తాతాజీకి దేవుడంటే భక్తే కానీ, నమ్మకం మాత్రం లెక్క మీదే. కొవ్వూరు రేవు పక్కన రేకుల షెడ్డులో ఆయిలింజన్లు బాగుచేస్తూ ముప్పయ్యేళ్ళు గడిపిన మనిషి. ఏ సామాను వచ్చినా ముందు దానిమీద సుద్దముక్కతో గీత గీసి, చేత్తో తిప్పి, ఎన్ని చుట్లకు ఏది కదులుతుందో చూసుకునేవాడు. కొబ్బరికాయ ఆ తరవాతే. ఈ వరస ఆయన జీవితంలో ఒక్కసారే తప్పింది.

ఆయన ప్రాణమంతా ‘తలుపులమ్మ’ అనే తెల్ల ఫైబరు బోటు మీద ఉండేది. లంకలో అరటితోటలున్న శ్రీరామమూర్తి గారిది అది. పాతదే, కానీ పరుగెత్తితే నీళ్ళమీద లేచి వెళ్ళేది. ఇంజను లోపల ఉంటే, దాని బలాన్ని నీళ్ళను వెనక్కి తోసే ఫ్యానుకు అందించే స్టెర్న్‌డ్రైవ్ బోటు వెనకాల నీళ్ళలోకి దిగి ఉంటుంది. రేవులో అందరూ దాన్ని కాలు అనేవారు. తొంభై ఎనిమిది ఎండాకాలంలో గోదావరి అడుగంటినప్పుడు ఆ కాలు రాయికి కొట్టుకుని లోపలి పళ్ళచక్రాలు ముక్కలైపోయాయి.

“వరద వచ్చేలోపు తిరిగితే సరే తాతాజీ. లేకపోతే ముక్కలు కొట్టించి అమ్మేస్తాను. ఇంక నావల్ల కాదు,” అన్నారు శ్రీరామమూర్తి గారు. ఆయన మాటంటే మాటే. తాతాజీకి ఆ రోజు అన్నం సహించలేదు.

కాకినాడలో పాత పడవల సామాను కొట్టొకటి ఉంది. రత్నమాణిక్యం అనే ఆవిడ నడిపేది. ఆవిడ భర్త హార్బరులో పాతబడిన పడవలు విప్పి తెచ్చేవాడు. తాతాజీ, శ్రీరామమూర్తి గారు ఒక శుక్రవారం పొద్దున్నే వెళ్ళారు. కొట్లో రెండు కాళ్ళున్నాయి. ఒకటి రంగు పెచ్చులూడి, మూలుగుతున్న ముసలిదానిలా ఉంది. రెండోది నిగనిగలాడుతోంది. శ్రీరామమూర్తి గారి కళ్ళు దానిమీదే పడ్డాయి. నిజం చెప్పాలంటే తాతాజీ కళ్ళూ దానిమీదే పడ్డాయి. బిగించే బోల్టుల వరస కూడా సరిపోయింది.

“పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది. కొబ్బరికాయ కొట్టెయ్,” అన్నారు శ్రీరామమూర్తి గారు.

సుద్దముక్క జేబులోనే ఉండిపోయింది. తాతాజీ కాయ కొట్టి, పసుపు రాసి, బొటనవేలితో కుంకుమబొట్టు పెట్టాడు. మెరిసేదంతా బంగారం కాదని ఊరందరికీ చెప్పే మనిషి!

కొవ్వూరు చేరాక బల్లమీద పెట్టి తిప్పితే లెక్క కుదరలేదు. తలుపులమ్మ పాత కాలులో ఇంజను రెండు చుట్లు తిరిగితే ఫ్యాను ఒక చుట్టు తిరిగేది. ఇందులో ఒకటిన్నర చుట్లకే తిరిగేస్తోంది. ఇది పెద్ద ఇంజనుకు పనికొచ్చేది. చిన్న ఇంజనుకు తగిలిస్తే దూడకు ఎడ్లబండి కట్టినట్టే. బోటు కదులుతుంది కానీ నీళ్ళమీదికి లేవదు, ఇంజను రొప్పి రొప్పి పాడవుతుంది. తాతాజీ మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఒకటిన్నరే.

బోటు నడిపే సామ్యేలు పక్కనే ఉన్నాడు. “బిగించేద్దాం బాబాయ్. తిరుగుతుంది కదా, ఎవరికి తెలుస్తుంది?”

“ఇంజనుకి తెలుస్తుందిరా,” అన్నాడు తాతాజీ.

ఆ సాయంత్రమే వెళ్ళి తప్పు తనదేనని శ్రీరామమూర్తి గారితో చెప్పేశాడు.

“బొట్టు పెట్టినదాన్ని ఎవరైనా వెనక్కి తీసుకుంటారటయ్యా?” అన్నారాయన.

“అడిగి చూస్తానండి.”

కాకినాడ దారిలో సామ్యేలు గుడ్డ తీశాడు, ఆ పసుపూ కుంకుమా తుడిచేద్దామని. తాతాజీ చెయ్యి పట్టుకుని ఆపాడు.

రత్నమాణిక్యం వంగి బొట్టు వైపు చూసింది. “తుడిచి తెచ్చుంటే నాకు తెలిసేది కాదు కదండీ,” అంది.

“పెట్టింది నేనే కదమ్మా. నాకు తెలుసు కదా.”

“సరే లెండి. ఆ పాతది పట్టుకెళ్ళండి. దీని సంగతి నేను చూసుకుంటాను.”

ఈసారి తాతాజీ ఆ కొట్లోనే నేలమీద కూర్చుని గీత గీశాడు. రెండు చుట్లకు ఒకటి. కళ్ళు తుడుచుకుని అప్పుడు కొబ్బరికాయ అడిగాడు.

నీళ్ళు లోపలికి రాకుండా కొత్త రబ్బరు తొడుగు వేసి కాలు బిగించారు. శ్రావణంలో వరద వచ్చినప్పుడు తలుపులమ్మ లంకలవాళ్ళను ఒడ్డుకు చేరుస్తుంటే, తాతాజీ గట్టున నిలబడి ఆ చప్పుడు వినేవాడు. అంత సంతోషం ఆయన మళ్ళీ ఎరగడు.

ఎనిమిదేళ్ళు తిరిగింది ఆ బోటు. రెండువేల ఆరు వరదలో అడుగు పగిలి మూలపడింది. శ్రీరామమూర్తి గారు అన్నమాట ప్రకారం ముక్కలు కొట్టించేశారు. తాతాజీ ఆ రోజు షెడ్డు తెరవలేదు.

ఆ దసరా వెళ్ళిన వారానికి ఏదో పంపు సామాను కోసం ఆయన కాకినాడ వెళ్ళాడు. రత్నమాణిక్యం కొట్లో, పీటమీద ఆ నిగనిగల కాలు కనిపించింది. నిగనిగ పోయింది కానీ, పసుపు పచ్చగా ఉంది. కుంకుమ తాజాగా ఉంది.

“ఇంకా అమ్మలేదా అమ్మా?”

“చాలామంది అడిగారండి. ఒకరి కోసం బొట్టు పెట్టినదాన్ని ఇంకొకరికి ఎలా ఇస్తాను? ప్రతి దసరాకీ మా ఆయన పనిముట్లతోపాటు దీనికీ పెడుతున్నాను. మీ బోటు బాగుందాండీ?”

తన తొందరపాటును ఈవిడ ఎనిమిదేళ్ళుగా తన కొట్లో మోస్తోంది. ఆ సంగతి ఒక్కసారైనా కబురు చెయ్యలేదు.

“లేదమ్మా. తీసేశారు,” అన్నాడు తాతాజీ. “ఇవాళ నేను పెట్టొచ్చా బొట్టు?”

ఆవిడ కుంకుమభరిణె తెచ్చి ఇచ్చింది. తాతాజీ భరిణెను పీటమీద పెట్టి, ముందు జేబులోంచి సుద్దముక్క తీశాడు. కాలుమీద గీత గీసి, ఫ్యాను పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. ఒకటిన్నర. అప్పుడు భరిణె మూత తీశాడు.