లాభం తర్వాత రెండు

2004లో కనకరత్నం తాడేపల్లిగూడెంలోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో సీ లాంగ్వేజ్ చెప్పేది. ఇంగ్లీషు పుస్తకానికి భయపడి పిల్లలు మానేస్తుంటే తెలుగులో పాఠాలు రాసింది. యజమాని పాండురంగారావు, మానేస్తానంటున్న ఒక అమ్మాయిని చూపించి ఒక షరతు పెట్టాడు.

"మీరు నోరు విప్పకూడదు మేడమ్. పాఠం చదివి ఆ అమ్మాయే చెయ్యాలి. లేదంటే మళ్లీ ఇంగ్లీషు పుస్తకమే."

ఆ అమ్మాయి, అత్తిలి రైతుబిడ్డ ప్రసన్నలక్ష్మి, కంప్యూటర్ ముందు కూర్చుంది. ఐదు బస్తాల బరువులు కంప్యూటర్ మెమరీలోని ఐదు గదుల్లో దాచాలి. గదుల లెక్క సున్నాతో మొదలవుతుందని చెప్పడానికి పాఠంలో ధాన్యం కొలత ఉంది: మొదటి కుంచాన్ని ఒకటి అనం, లాభం అంటాం, ఆ లాభమే సున్నా.

తెరమీద రెండో బస్తా బరువు లక్షల్లో వచ్చింది. కనకరత్నం పెదవి కొరుక్కుంది.

"ఇదేనాండీ మీ తెలుగు?" అన్నాడు పాండురంగారావు.

"పాఠంలో ఉన్నట్టే చేశానండీ," అంది ప్రసన్నలక్ష్మి. "లాభం తర్వాత రెండే కదండీ. ఒకటో గది ఖాళీగా వదిలేశాను."

నింపని ఆ గదిలోని చెత్త అంకే తెరమీదికి వచ్చింది. పాండురంగారావు వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. "లాభం, రెండు, మూడు... నేనైనా అదే చేసేవాణ్ణి."

"ఇంగ్లీషు పుస్తకంలో నాకు తప్పు చేసేంత కూడా అర్థం కాలేదండీ," అంది ప్రసన్నలక్ష్మి.

ఆయన కనకరత్నం వైపు తిరిగాడు.

"కుంచం తీసేసి పాఠం రేపు పట్రండి మేడమ్."

కనకరత్నం అప్పటికే ఆ పేరా కొట్టేస్తోంది.