మందకంతా ఒకే ఆవు

పశువుల పెంపక కేంద్రంలో అందరూ ఆమెను లెక్కలక్క అనేవాళ్లు. ఏ ఆవు సంతతి ఎక్కువ పాలు ఇస్తుందో జన్యువులను బట్టి ముందే తేల్చడం ఆమె పని. కిటికీ తెరిస్తే ఎదురుగా పాకే. పేడ వాసన గిట్టక ఒక్కనాడూ అటు అడుగు పెట్టలేదు. "ఆవుల మీద బతుకుతూ ఆవు మొహం చూడని మనిషివి నువ్వొక్కదానివే," అని భర్త ఆటపట్టించేవాడు.

ఆ లెక్కలో ప్రతి ఆవునూ మిగతా అన్నిటితో పోల్చాలి. మంద పెరిగేకొద్దీ కంప్యూటర్లు రోజుల తరబడి నడిచేవి. డైరెక్టరు విసుక్కోవడంతో వేసవిలో ఆమె ఒక అడ్డదారి కనిపెట్టింది. చీటీలు తీసినట్టు కొన్ని ఆవులను ఎంచి, వాటిని మాత్రమే పూర్తిగా పోల్చి, వాటి ద్వారా మిగతావాటి విలువలు అంచనా కట్టింది. పూట తిరక్కుండా ఫలితాలొచ్చాయి. పాతవాటితో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. డైరెక్టరు ఆమెను ఆకాశానికెత్తేశాడు.

అయితే ఎన్నిసార్లు చీటీ తీసినా ఒక ముసలావు నంబరు పడి తీరేది. విసుగెత్తి దాన్ని లెక్కలోంచే తీసేసి చూసింది. మందలోని ఆవులన్నిటికీ ఒకే విలువ వచ్చింది, చివరి అంకెతో సహా.

ఆ మధ్యాహ్నమే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పాకకు వెళ్లింది.

"బాబాయ్, ఈ నంబరు ఆవేది?" అని పాక చూసుకునే పెద్దాయనను అడిగింది.

"ఆ మూలదమ్మా. వట్టిపోయి చాన్నాళ్లయింది. ఎదురుగా మాత్రం నిలబడకండి."

ముసలావు మెల్లగా తల తిప్పింది. గొలుసులన్నీ ఒక్కసారే ఘల్లుమన్నాయి. పాకలోని తలలన్నీ అటే తిరిగాయి. అది నెమరు ఆపింది. అన్నీ ఆపాయి. ఆమె నవ్వేద్దామనుకుంది గానీ, తన మెడ కూడా అటే తిరిగి ఉందని అప్పుడు తెలిసింది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"వేసవి నుంచమ్మా. అంతకుముందు దేని గోల దానిదే."

ఆమె అడ్డదారి మొదలైందీ అప్పుడే.

ఆ వారమే ముసలావు చచ్చిపోయింది. మర్నాడు పెద్దాయన పరుగున వచ్చాడు. "ఒక్కటీ మేత ముట్టట్లేదమ్మా, పడుకోవట్లేదు. అన్నీ మీ కిటికీ వైపే చూస్తున్నాయి!"

లెక్కలక్క ఎవర్నీ అడక్కుండా పాత లెక్క మొదలుపెట్టింది. డైరెక్టరు చెడామడా తిట్టాడు.

"మళ్లీ ఇన్ని రోజులా? అడ్డదారి బాగానే ఉందిగా!"

"బాగానే ఉంది సార్. భయమంతా అదే. దేని లెక్క దానికి కట్టనివ్వండి."

లెక్క సాగుతుంటే పెద్దాయన వచ్చి కబురు చెప్పిపోయేవాడు. "ఎర్రది పడుకుందమ్మా." ఇంకోసారి, "కుంటిది మేత ముట్టింది. పక్కదాన్ని కుమ్మింది కూడా!" ఆ మాటకు ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఇప్పుడామె రోజూ పాకకు వెళ్తుంది. ఒక్కో ఆవు ముందూ నిలబడి, అది తన ఇష్టమొచ్చినట్టు తోకాడించేదాకా అక్కణ్నుంచి కదలదు.