కల్యాణ మురుంగ ముళ్ళు

ఈ రోజు పొద్దున కోవిల్‌పట్టిలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళికి పందకాలు, అంటే పందిరి రాట, నాటాం. దానికి కల్యాణ మురుంగ కొమ్మే కావాలి. ఒళ్ళంతా ముళ్ళే గానీ, కోసి పాతితే చాలు, వేరు పట్టి చెట్టయిపోతుంది.

చిన్నమ్మ పెరట్లో చెట్టు అలా వచ్చిందే. ఆమె పెళ్ళి పందకాలును తర్వాత అక్కడ పాతారు. నాలుగో ఏటే చిన్నాన్న పోయాడు. చెట్టు మాత్రం ఏటా ఆకులు రాల్చి ఎర్రగా పూస్తూనే ఉంది.

ఆ చెట్టు కొమ్మే ఈ పెళ్ళికి నేను కోశాను. నాటేవాళ్ళకు గుచ్చుకోకూడదని చిన్నమ్మ కూర్చుని కత్తితో ఒక్కో ముల్లూ గీకేసింది. తర్వాత పసుపు పూయబోతే పెద్దమ్మ కొమ్మ లాక్కుంది.

"నువ్వు లోపలికి పో. సుమంగళులే ముట్టాల."

"నా పెళ్ళి కొమ్మే గదా యక్కా ఇది?"

"చెట్టు ముండమోసిందా ఏమి? నువ్వు గదా మోసింది."

నేను గుంత తవ్వుతూనే ఉన్నాను. చిన్నమ్మ కత్తి తీసుకుని లోపలికి పోయింది. ఐదుగురు సుమంగళులు నవ్వుతూ కొమ్మ నాటారు. "ఎంత నున్నగా ఉందో!" అని ఒకావిడ మెచ్చుకుంది కూడా.

మీ ఇళ్ళలో పందకాలు ముళ్ళు ఎవరు గీకుతారు? కాస్త చెప్పండి.