ఏసురత్నం మెరుగుపెట్టిన రాయి

ఏసురత్నం అల్వాల్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. సికిందరాబాద్‌లోని మా ఖనిజ పరీక్షల ఆఫీసులో ఇరవై రెండేళ్లు రాళ్లకు మెరుగుపెట్టాడు. గని నుంచి వచ్చిన ముక్కను కోసి, గుడ్డ తొడిగిన చక్రం మీద అద్దంలా చేసి ఇస్తే, నరసరాజు సార్ మైక్రోస్కోపులో చూసి అదేమిటో తేల్చేవారు. రిపోర్టు టైపు చేసేది నేను, మేబెల్‌ని.

డెబ్బై నాలుగులో ఒక రాగి రాయిలో సార్‌కు సన్నని గులాబీ చారలు కనిపించాయి. వల్లేరైట్ అన్నారు. అరుదైన గంధక ఖనిజమట. అబ్బో, ఆ రోజు ఆయన సంబరం చూడాలి! ఆఫీసంతా స్వీట్లు పంచారు.

ఏసురత్నం మాత్రం గుమ్మంలో నసిగాడు. "సార్, జెర మళ్ల చూడుండ్రి. మ్యూజియం నుంచి తెచ్చిన వల్లేరైట్‌కు మెరుగే పట్టలే, మసి లెక్క గుడ్డకంటింది. గీ చారలు గట్ల లెవ్వు."

"నీ పని చక్రం తిప్పడం. పేరు పెట్టడం నాకొదిలెయ్" అన్నారు సార్. రిపోర్టు వెళ్లిపోయింది.

రెండేళ్లకు పెద్ద ల్యాబులో మిషన్ మీద పరీక్షిస్తే అది మాకినవైట్ అనే వేరే ఖనిజమని తేలింది. చూపుకి రెండూ ఒకటే. ఎందరో పెద్దలు పడ్డ పొరపాటే, సార్ ఒప్పుకుంటే పోయేదేముంది? ఒప్పుకోలేదు మహానుభావుడు! మెరుగు సరిగా పెట్టనందువల్లే తప్పు జరిగిందనీ, ఆ తప్పు తనదేననీ ఏసురత్నం ఒప్పుకుంటున్నట్టూ, అందుకే గోడౌన్ పనికి మారడానికి సమ్మతిస్తున్నట్టూ ఇంగ్లీషులో కాగితం రాసి నా బల్ల మీద పడేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం లాభం? పేదవాడి కోపం పెదవికి చేటు. నాది టెంపరరీ ఉద్యోగం, ఆరు నెలలకోసారి పొడిగించేది ఆయనే. ఏడుస్తూనే టైపు చేశాను.

సాయంత్రం ఏసురత్నం సంతకానికి వచ్చాడు. ఇంగ్లీషు రాదు.

"ఏం రాసిండ్రు బిడ్డా?"

"గోడౌన్‌కు మార్చారు మామా."

"చక్రం కాడికి మళ్ల రానియ్యరా?"

తల అడ్డంగా ఊపాను. ఏసురత్నం పెన్ను తీసుకుని కాగితం దగ్గరికి జరుపుకున్నాడు.

"నా మెరుగు గురించి ఏమన్న అన్నరా?"

"బాగుందనే రాశారు" అన్నాను.

"గంతే చాలు తియ్" అని, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు.